ముప్పై ఏడో పేజీలో ఎర్రమ్మ

నేను ఒక ఫొటోని. అలా చెప్పుకోవడం కొంచెం గొప్పకే లెండి. గాజు పలక మీద పుట్టిన అసలు ఫొటోని నేను కాదు. ఆ పలక మీంచి జింకు రేకు మీదికి, రేకు మీంచి సిరాతో నాసిరకం కాగితం మీదికి దిగిన అచ్చు బొమ్మని. కళ్ల దగ్గర పెట్టుకుని చూస్తే నేను ఉత్త నల్ల చుక్కలే. కాస్త దూరం జరిగి చూస్తేనే ఆడమనిషి కనిపిస్తుంది. మనుషుల్లో కూడా చాలామంది దూరం నుంచే బాగుంటారని తర్వాత్తర్వాత నాకే తెలిసొచ్చింది.

నాలో ఉన్న మనిషి పేరు పిన్నింటి ఎర్రమ్మ. నౌపడా దగ్గర ఉప్పు మడుల్లో కూలి. నన్ను తీసిననాటికి ఆమెకి ఇరవై ఏళ్లు ఉంటాయేమో. ఆమెకే సరిగ్గా తెలీదు, నాకెలా తెలుస్తుంది. మోకాళ్ల పైకి దోపిన చీర, చేతిలో పొడుగు కర్రకి పలక తగిలించిన ఉప్పు పార, వెనకాల తెల్లటి కుప్పలు. పట్నంలో ఫొటో స్టూడియో పెట్టిన బెహరా కూర్మనాథంగారు ఒక పొద్దున సైకిలుకి పెట్టె కెమెరా కట్టుకుని వచ్చారు. మూడు కాళ్ల స్టాండు పాతి, నల్లగుడ్డలో తల దూర్చి, కదలకు అన్నారు. కాసేపయ్యాక మళ్లీ కదలకు అన్నారు. మబ్బు అడ్డొచ్చిందనీ, మబ్బు పోయాక ఎండ ఎక్కువైందనీ ఆయన గొడవ ఆయనది.

"ఉప్పు ఎండకి కరగదు గానీ నాను కరిగిపోతాను బాబూ," అంది ఎర్రమ్మ.

ఆ మాటకి పక్క మడిలో వాళ్లంతా నవ్వారు. ఎర్రమ్మకీ నవ్వొచ్చింది, ఆపుకోబోయింది. సరిగ్గా అప్పుడే ఆయన కెమెరా మూత తీశారు. ఆ సగం ఆపుకున్న నవ్వే నా మొహం.

వెళ్లేముందు ఆయన మాటిచ్చారు. పత్రికకి పంపుతాననీ, అచ్చయితే ఒక కాపీ తెచ్చి చేతిలో పెడతాననీ. "నా పేరు కూడా ఏయించండి బాబూ," అని ఎర్రమ్మ అడిగింది. అలాగే అన్నారు. పేరు విషయంలో ఆయన అబద్ధమాడలేదు. ఫొటో వెనకాల పెన్సిలుతో ఆమె పేరు రాసే పంపారు. కానీ 'సముద్రిక' వారపత్రిక ఎడిటరుగారు, ఎర్రమ్మ అంటే ఎవరికి తెలుసయ్యా అని ఆ పేరు కొట్టేసి, 'ఉప్పు మడిలో కూలి స్త్రీ' అని రాసుకున్నారు. తీసినవారి పేరు వెయ్యడానికి చోటు చాల్లేదన్నారు. పక్క పేజీలో తలనూనె ప్రకటనకి మాత్రం కావలసినంత చోటుంది. అలా ఉగాది ప్రత్యేక సంచికలో ముప్పై ఏడో పేజీలో నేను అచ్చయ్యాను. తీసినవాడి పేరు లేదు, తీయించుకున్నదాని పేరు లేదు. పేజీ నంబరు మాత్రం ముచ్చటగా ఉంది.

నా కాపీ ఒకటి బడిపంతులుగారింట్లో గూట్లో రెండేళ్లు పడి ఉంది. వాళ్లావిడ ఇల్లు సర్దుకుంటూ పాత కాగితాలన్నీ కిరాణా కొట్టుకి ఇచ్చేసింది. కొట్టు శెట్టిగారు పద్ధతి గల మనిషి. అట్ట దగ్గర్నుంచి వరసగా చింపేవాడు. పత్రిక పేరూ, ఊరూ, ఇంగ్లీషు తేదీ అన్నీ ఉన్న అట్ట చింతపండు మోసుకుని ఎటో పోయింది. ముప్పై ఏడో పేజీ వంతు వచ్చేసరికి ఉప్పు మడి నుంచి ఒక మనిషి బెల్లం కోసం వచ్చింది.

ఇంటికెళ్లి పొట్లం విప్పితే ఎర్రమ్మకి ఎర్రమ్మ కనిపించింది.

బెల్లం సంగతి మర్చిపోయింది. నన్ను తొడ మీద పరుచుకుని అరచేత్తో చదును చేసింది. ఆ చెయ్యి ఉప్పుకి పగిలి గరుగ్గా ఉంది, అయినా నాకు ఎక్కడా గీత పడలేదు. మళ్లీ కొట్టుకి పరిగెత్తి, కింద ఏం రాశారో చదివి పెట్టమంది. శెట్టిగారు చదివాడు.

"నా పేరెయ్యలేదా?" అంది.

లేదన్నాడు. ఇంటికొచ్చి ఆమె గంజి రాసి నన్ను తన తగరపు పెట్టె మూతకి లోపలి వైపు అంటించుకుంది. ఆమెకి ఈ లోకంలో ఉన్న ఒకే ఒక్క ఫొటోని నేను. ఇంకోటి తీయించుకునే అవసరం, తీరిక, రెండూ ఆమెకి రాలేదు.

పెట్టె మూతలో బతుకంటే మరీ తీసెయ్యాల్సింది కాదు. మూత తెరిచినప్పుడే వెలుగు చూస్తాను గానీ, తెరిచేది ఎప్పుడూ ముఖ్యమైన పనికే. పురిటి గుడ్డలకి, పెళ్లి చీరకి, రేషను కార్డుకి. ఎర్రమ్మ పోయిన రోజున కూడా తెరిచారు. తర్వాత పెట్టె ఆమె కూతురు సీతాలుది అయింది. సీతాలు ఒక ఏడాది స్టూడియోవాళ్లు ఊరూరా పంచిన క్యాలెండరు తెచ్చి, కామాక్షమ్మవారి బొమ్మ బాగుందని, ఏడాది అయిపోయాక దాన్నీ మూతకి అంటించింది. పైన అమ్మవారు, కింద చీమల్లాంటి అక్షరాల్లో పన్నెండు నెలలు. ఆ నెలల వరస వచ్చి నా తల మీద పడింది. నా పేజీ పైభాగం, అందులో అచ్చయిన ఒక వరస, కాగితం కింద కప్పబడిపోయాయి. ఎర్రమ్మ మాత్రం బయటికి కనిపిస్తూనే ఉంది. అదే చాలనుకున్నాను. నా తల మీద ఉన్నదేమిటో ఒకనాడు అవసరం పడుతుందని నేనెక్కడ కలగన్నాను.

సీతాలు కూతురు దమయంతి. తొమ్మిదో తరగతిలో ఉండగా తల్లి కాళ్లకి ఉప్పుపుండ్లు పడి మడిలో దిగలేని స్థితి వచ్చింది. ఒక ఉగాది నాడు, పచ్చడి తిన్నాక, ఆ పిల్ల తన బడి బట్టలు మడత పెట్టి తెచ్చి పెట్టెలో పెట్టింది. ఏడవలేదు. మూత వేసేముందు కాసేపు నా వంక చూసింది. మర్నాటి నుంచి అమ్మ పార తను పట్టుకుంది.

పెళ్లయి అత్తవారింటికి వెళ్లినప్పుడు నన్నూ పెట్టెతో సహా తీసుకెళ్లింది. అత్తవారిదీ ఉప్పు మడుల ఊరే. ఇప్పుడు దమయంతికి రెండున్నరేళ్ల కూతురు ఉంది, పేరు లాస్య. ఆ పిల్ల తుమ్మితే దమయంతి న్యుమోనియా అనుకుంటుంది, గట్టిగా నిద్రపోతే ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తుంది. పక్కింట్లో ప్రెషరు కుక్కరు కూసినా ఉలిక్కిపడే మనిషి. అలాంటిది, పదకొండుమంది ఆడవాళ్లని పోగేసి మహిళా ఉప్పు సంఘం పెట్టింది. దళారీకి బస్తాలెత్తి ఇవ్వడం మానేసి, మంచి ఉప్పు ఏరి, కిలో సంచుల్లో కట్టి అమ్ముదామంది. సంచి మీద ఏం బొమ్మ వెయ్యాలన్న మాట వచ్చినప్పుడు ఒకరు చేప అన్నారు, ఒకరు లక్ష్మీదేవి అన్నారు. దమయంతి వెళ్లి పెట్టె మూత తెరిచింది.

అందరూ ఎగబడి చూశారు. ఇది మా అమ్మమ్మ అంది దమయంతి. ఫోనుతో నన్ను ఫొటో తీసింది. ఫొటోకి ఫొటో తీయడమంటే మనవరాలు పుట్టినట్టే కదా, నాకు ఆ పూట పట్టరాని సంతోషం. నాలుగు వేల సంచులు అచ్చయి వచ్చాయి. సగం ఆపుకున్న నవ్వు నాలుగు వేలసార్లు.

ఇరవై రోజులు తిరక్కుండా నోటీసు వచ్చింది.

పంపింది బెహరా విశ్వంభర్‌గారు. కూర్మనాథంగారి మనవడు, అదే స్టూడియోకి ఇప్పటి యజమాని. బొమ్మ మా తాతగారిది, హక్కు మాది, మమ్మల్ని అడక్కుండా వేశారు. పదిహేను రోజుల్లో సంచులన్నీ తగలబెట్టాలి, ఇక ముందు ఆ బొమ్మ ఎక్కడా వెయ్యకూడదు, లేకపోతే కోర్టు. ఇదీ సారాంశం. దమయంతి రెండుసార్లు చదివింది. మూడోసారి చదివేసరికి జైల్లో పెడతారేమో, పిల్లని ఎవరు చూస్తారు అన్న దాకా వెళ్లిపోయింది ఆమె ఆలోచన.

సంఘంలో గొణుగుళ్లు మొదలయ్యాయి. చేప వేసుంటే ఈ తలనొప్పి ఉండేది కాదు కదా అని చేప అన్నావిడ పదిమందికీ గుర్తు చేసింది. అత్తగారు పోలమ్మ మాత్రం పెట్టె ముందు చతికిలబడి నన్నే చూస్తూ కూర్చుంది.

"మీ అమ్మమ్మ మొకం మీ అమ్మమ్మది కాదంటాడేటి ఆ బాబు?"

"మొకం కాదత్తా, ఫొటో."

"ఫొటోలో ఉన్నది మొకం కాదేటి?"

నిజం చెప్పాలంటే ఈ ప్రశ్నకి చాలామంది వకీళ్లే తడుముకుంటారు.

మర్నాడు పిల్లని చంకనేసుకుని, నోటీసు చీర కొంగులో కట్టుకుని పట్నంలో ఉచిత న్యాయ సహాయం ఇచ్చేచోటికి వెళ్లింది. అక్కడ తారకేశ్వరి అని ఒక వకీలు మేడం ఉన్నారు. తిరిగొచ్చి, ఆమె చెప్పిన ముక్కలన్నీ అత్తగారికి మూత తెరిచి ఉంచే చెప్పింది కాబట్టి నేనూ విన్నాను. ఇప్పుడున్న చట్టంలో ఫొటో తీసినవాళ్లు పోయాక అరవై ఏళ్ల దాకా హక్కు వాళ్ల వారసులదేనట. కూర్మనాథంగారు ఎనభై మూడులో పోయారు. అంటే రెండు వేల నలభై మూడు దాకా. కానీ ఈ లెక్క రెండు వేల పన్నెండులో వచ్చింది. అంతకుముందు ఫొటోలకి వేరే లెక్క. ఫొటో మొదటిసారి అచ్చయిన ఏడాది వదిలేసి, ఆ తర్వాతి జనవరి నుంచి అరవై ఏళ్లు. ఆ అరవై ఏళ్లూ రెండు వేల పన్నెండుకి ముందే నిండిపోయి ఉంటే ఆ ఫొటో అందరిదీ అయిపోయినట్టే. కొత్త చట్టం వచ్చి దాన్ని మళ్లీ ఒకరి చేతిలో పెట్టదు.

విశ్వంభర్‌గారు నోటీసుతో పాటు ఒక జిరాక్సు జత చేశారు. డెబ్బై నాలుగులో పట్నంలో ఏదో ఉత్సవానికి వేసిన సంచిక. అందులో నేను, అంటే నా తోబుట్టువు, 'శ్రమ సౌందర్యం' అన్న పేరుతో ఉంది. కింద కూర్మనాథంగారి పేరు. మొదటిసారి అచ్చయింది ఇక్కడే అన్నది ఆయన వాదన. డెబ్బై నాలుగు అయితే అరవై నిండలేదు.

"అంతకు ముందెప్పుడైనా అచ్చయిందని రుజువుంటే తీసుకురా, దమయంతీ," అన్నారట మేడం. "బొమ్మ కాదు, ఏడాది కావాలి నాకు. ఏడాది తెస్తే నిన్నెవరూ ఏమీ చెయ్యలేరు."

ఏడాది నా తల మీదే ఉంది. ఆ మాట చెప్పడానికి నాకు నోరు లేదు. దమయంతి నా నాలుగు అంచులూ వేలితో తడిమింది. ఎడమ పక్క, కుడి పక్క, కింద. పైకొచ్చేసరికి వేలు క్యాలెండరు కాగితం కింద ఆగింది.

"అత్తా, దీని కింద ఏదో ఉంది. అచ్చు దీని లోపలికి పోయినట్టుంది, చూడు."

"తియ్యబోతే సిరిగిపోద్దేమోనే."

చిరిగితే అయిపోయిందన్నది ఇద్దరికీ తెలుసు. అమ్మవారి బొమ్మ చిరగకూడదు, కింద నేను చిరగకూడదు. తర్వాత పోలమ్మ లేచి పొయ్యి వెలిగించింది. గంజితో అంటించింది గంజి ఆవిరికే ఊడుతుందన్నది ఆమె లెక్క. వెడల్పు గిన్నెలో నీళ్లు మరగబెట్టి, పెట్టె మూతని కీలులోంచి ఊడదీసి, ఆవిరికి చాపినట్టు పట్టుకుంది. దమయంతి పల్చటి అట్లకాడ పట్టుకుంది. పిల్ల పక్కన కూర్చుని పొగొస్తోంది పొగొస్తోంది అని చప్పట్లు. వెయ్యి అట్లు తిరగేసిన అట్లకాడ అది. నా నెత్తి మీదకి వచ్చేసరికి అది కూడా ఊపిరి బిగబట్టినట్టే అనిపించింది.

క్యాలెండరు మూల లేచింది. తర్వాత ఒక అంగుళం. దమయంతి నుదుటి మీద చెమట ధారగా కారుతోంది, తుడుచుకోడానికి చెయ్యి ఖాళీ లేదు. చిరగలేదు. అమ్మవారు పన్నెండు నెలలతో సహా అరిటాకులా ఊడి పోలమ్మ చేతుల్లోకి వచ్చింది. నా తలకి ఎన్నో ఏళ్ల తర్వాత గాలి తగిలింది.

దమయంతి వంగి చదివింది. 'విరోధి నామ సంవత్సర ఉగాది సంచిక. చైత్ర శుద్ధ పాడ్యమి, బుధవారం. పుట 37.'

ఇంగ్లీషు ఏడాది లేదు. అది అట్టతో పాటు చింతపండుతో పోయింది. అయినా దమయంతి మొహం విచ్చుకుంది. వేళ్ల మీద ఏళ్ల పేర్లు వెనక్కి లెక్కపెట్టింది, తప్పింది, మళ్లీ మొదలుపెట్టింది. ఉప్పు మడుల్లో పనిచేసేవాళ్లకి తిథులు నోటికి వస్తాయి, సముద్రం పోటూ పాటూ వాటి మీదే కదా. ఏళ్ల పేర్లు మాత్రం పంచాంగం చూస్తేగాని తేల్లేదు. విరోధి అంటే పంతొమ్మిది వందల నలభై తొమ్మిది.

వారం తిరిగేసరికి మేడం విశ్వంభర్‌గారినీ, దమయంతినీ పిలిచి ఎదురెదురుగా కూర్చోబెట్టారు. నన్ను మూతతో సహా పాత దుప్పట్లో చుట్టి ఆటోలో తీసుకెళ్లారు. ఊడదీసిన క్యాలెండరుని కూడా దమయంతి గొట్టంలా చుట్టి సంచిలో పెట్టుకుంది. ఇంట్లో వదిలితే పిల్ల నమిలేస్తుందని భయం. తన భయాల్లో పనికొచ్చిన భయం అదొక్కటే అని తర్వాత తనే నవ్వుకుంది.

విశ్వంభర్‌గారు యాభై దాటిన మనిషి. మర్యాదస్తుడు. అమ్మా అనే పిలిచారు. ఇప్పుడు స్టూడియోలో పాస్‌పోర్టు ఫొటోలు, ఆధారు కార్డుకి జిరాక్సులు తప్ప పనేం లేదు. తాతగారి గాజు పలకలు ఒక వానాకాలం పైకప్పు కారి పోయాయి. మిగిలింది ప్లాస్టిక్ కవర్లో పెట్టుకున్న ఆ డెబ్బై నాలుగు సంచికే.

"నీ వ్యాపారం మీద నాకు కోపం లేదమ్మా," అన్నారాయన. "మా తాతగారు ఎండలో నిలబడి తీసిన బొమ్మ. ఆయన పేరు ముక్క లేకుండా ఉప్పు సంచి మీద వేసేస్తే, చూస్తూ ఊరుకోమంటావా?"

ఎండలో ఇంకొకరు కూడా నిలబడ్డారని దమయంతి అనబోయింది. అంతలోనే మేడం నన్ను బల్ల మీద పెట్టి, నా పై వరస ఆయనకి చూపించారు. విరోధి అంటే నలభై తొమ్మిది. యాభై జనవరి నుంచి అరవై ఏళ్లంటే రెండు వేల తొమ్మిది డిసెంబరు ఆఖరుతో సరి. పన్నెండులో వచ్చిన చట్టం దీన్ని తాకదు.

ఆయన కళ్లజోడు సవరించుకుని నన్ను చాలాసేపు చూశారు. పట్టుబడ్డాననుకున్నట్టు లేదు ఆ మొహం. ఏదో లెక్క వేసుకుంటున్న మొహం.

"మేడం, మన ఏళ్ల పేర్లు అరవై. అరవై అయ్యాక మళ్లీ మొదటికి వస్తాయి. రెండు వేల తొమ్మిది కూడా విరోధే. ఆ ఏడు ఉగాదికి ఎవరో మా సంచికలోది తీసి మళ్లీ వేసి ఉండొచ్చు. పాత కాగితంలా ఉందంటారా, ఆ ఊరి ఉప్పుగాలికి పదేళ్లలో ఇనుమే పొడై రాలుతుంది, కాగితం ఎంత."

మేడం పెన్ను మూత పెట్టేశారు. ఆయన అన్నది నిజమే. డెబ్బై అయిదేళ్ల కిందటి విరోధి, పదిహేనేళ్ల కిందటి విరోధి, పేరు చూస్తే కవలలు. నేను నలభై తొమ్మిది మనిషిని అని అరవాలనిపించింది. నా ఒంట్లో ఒక్క చుక్కా కదల్లేదు.

దమయంతి పిల్లని గట్టిగా ఒళ్లోకి లాక్కుంది. ఆమె పెదాలు కదులుతున్నాయి. రెండు వేల తొమ్మిది ఉగాది, రెండు వేల తొమ్మిది ఉగాది అని తనలో తను అనుకుంటోంది. ఆ ఉగాది ఆమె మర్చిపోయే ఉగాది కాదు. ఆ రోజే బడి బట్టలు పెట్టెలో పెట్టింది. మర్నాడు శనివారం మడిలోకి దిగింది. ఆదివారం దిగింది. సోమవారం పొద్దున బడి గంట మడి దాకా వినిపిస్తే, పార వదిలి అటు తిరిగి నిలబడింది.

"బుధవారం కాదు," అంది.

మేడం తలెత్తారు.

"రెండు వేల తొమ్మిది ఉగాది బుధవారం కాదు మేడం. శుక్రవారం. నేను బడి మానేసింది ఆ రోజే. మర్నాడు శనివారం, నాకు తెల్సు. ఈ కాగితం మీద బుధవారం అని ఉంది."

విశ్వంభర్‌గారు చిన్నగా నవ్వారు. ఎగతాళి కాదు, జాలి. పదిహేనేళ్ల కిందటి వారం గుర్తుందంటే కోర్టు నమ్ముతుందా అమ్మా అన్నారు. అప్పుడు దమయంతి చెయ్యి సంచిలోకి వెళ్లింది. చుట్టిన గొట్టం తీసి, బల్ల మీద నా పక్కనే విప్పి, రెండు చేతులతో అదిమిపట్టింది. పైన కామాక్షమ్మవారు. కింద పన్నెండు నెలలు. పక్కన పండుగల పట్టీ. ఏడాది రెండు వేల తొమ్మిది. 'ఉగాది, మార్చి 27, శుక్రవారం.'

అన్నిటికంటే కింద, ఎర్ర అక్షరాల్లో, 'శుభాకాంక్షలతో, కామాక్షి ఫొటో స్టూడియో.'

ఎన్నేళ్లు నా నెత్తి మీద కూర్చుందో ఆ క్యాలెండరు. దాన్ని నేను తిట్టుకోని రోజు లేదు. అమ్మవారూ, నన్ను క్షమించాలి మీరు.

విశ్వంభర్‌గారు ఆ ఎర్ర అక్షరాల మీద వేలు పెట్టారు. వేలు అక్కడే ఉండిపోయింది.

"ఇది మాదే," అన్నారు మెల్లగా. "ప్రూఫు నేనే దిద్దాను."

మేడం ఊరికే వదల్లేదు. తన ఫోనులో పాత పంచాంగం వెతికారు. నలభై తొమ్మిది ఉగాది మార్చి ముప్పై, బుధవారం. ఆ తేదీ, ఆ వారం రెండుసార్లు పైకి చదివారు. అంతకు ముందు విరోధి కావాలంటే పద్దెనిమిది వందల ఎనభై తొమ్మిది, అప్పటికి ఉప్పు మడి ఉందేమో గానీ మీ తాతగారు మాత్రం లేరు అన్నారు. అందరికంటే ముందు నవ్వింది విశ్వంభర్‌గారే. నవ్వుతూనే కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. తుడవడానికి కాస్త ఎక్కువసేపే పట్టింది.

"అయితే ఇది ఇక ఎవరిదీ కాదన్నమాట," అన్నారు.

"ఎవరిదీ కాకపోవడం కాదు," అన్నారు మేడం. "అందరిదీ. మీదీ, ఆమెదీ, రేపు దారిన పోయే మనిషిదీ. ఎవరైనా వేసుకోవచ్చు, ఎవరినీ అడగక్కర్లేదు."

నా గురించి అంత మంచి మాట పుట్టి బుద్ధెరిగాక నేను వినలేదు. నలభై తొమ్మిదిలో ఎడిటరుగారి చేతిలో ఉన్నాను, తర్వాత పంతులుగారి గూట్లో, శెట్టిగారి కొట్లో, ఎర్రమ్మ పెట్టెలో. ఎప్పుడూ ఎవరో ఒకరి సొమ్మునే. రెండు వేల పది జనవరి ఒకటో తారీకున నాకు విడుదలైందట. ఆ సంగతి తెలీక నేను పద్నాలుగేళ్లు చీకట్లోనే కూర్చున్నాను. మనుషులు కూడా కొందరు ఇలాగే ఉంటారేమో, తలుపు తీసి ఉందని చెప్పేవాళ్లు లేక.

నోటీసు వెనక్కి తీసుకుంటానని ఆయన కాగితం మీద రాసిచ్చారు. సంతకం పెట్టి లేచి గుమ్మం దాకా వెళ్లారు. అప్పుడు దమయంతి పిలిచింది.

"బాబూ, మీ తాతగారి పేరు ఎలా రాయాలి? ఇంటిపేరుతోనా?"

మేడం అడ్డొచ్చి, చట్టం ప్రకారం నువ్వు వెయ్యాల్సిన పనేం లేదు అన్నారు. తెల్సు మేడం అంది దమయంతి. వెయ్యాల్సిన పని లేకపోయినా వెయ్యకూడదని కూడా లేదు కదా అంది. విశ్వంభర్‌గారు వెనక్కి వచ్చి, ఆమె చేతిలో కాగితం తీసుకుని, బడిపిల్లాడిలా గుండ్రటి అక్షరాలతో రాసిచ్చారు. బెహరా కూర్మనాథం.

సంచులు తగలబడలేదు. సంఘంలో పదకొండుమందీ కూర్చుని నాలుగు వేల సంచుల మీదా రబ్బరు స్టాంపుతో రెండు వరసలు కొట్టారు. పై వరస పిన్నింటి ఎర్రమ్మ. కింద వరస, ఫొటో తీసినది బెహరా కూర్మనాథం. చేప అన్నావిడే అందరికంటే ఎక్కువ కొట్టింది, కొడుతున్నంతసేపూ మొదట్నుంచీ తను ఈ బొమ్మే బాగుంటుందన్నానని చెప్పింది. ఎవరూ కాదనలేదు. గెలిచినప్పుడు అందరికీ చోటుంటుంది.

నన్ను ఇప్పుడు అద్దం కట్టించి సంఘం కొట్టు గోడకి తగిలించారు. ఉప్పుగాలి తగలకుండా చుట్టూ పట్టీ కూడా వేశారు. పొద్దున్నే కొట్టు తెరిస్తే ఎండ తిన్నగా నా మీద పడుతుంది. ఎర్రమ్మ నిలబడిన ఎండే అది, మరీ పాతబడలేదు.

డిసెంబరు ఆఖర్లో విశ్వంభర్‌గారు స్కూటరు మీద వచ్చి కొత్త సంవత్సరం క్యాలెండర్ల కట్ట ఒకటి కొట్లో పెట్టి వెళ్లారు. పోలమ్మ ఒకటి విప్పింది. ఈసారి అమ్మవారు లేదు. ఆ చోట నేను ఉన్నాను. గోడ మీంచి నన్ను నేను చూసుకుని కాసేపు సిగ్గుపడ్డాను.

పోలమ్మకి చదువు రాదు. బొమ్మని గుర్తుపట్టి నడుం మీద చెయ్యి పెట్టుకుంది.

"ఏటే కోడలా, మన బొమ్మ ఏసీసినాడు. మనల్ని అడిగినాడేటి?"

"అడగక్కర్లేదత్తా. అడిగే పని లేదనే కదా మనం గెలిచింది."

పోలమ్మ కాసేపు ఆలోచించింది. ఇది న్యాయమే అనిపించినట్టుంది, చెయ్యి కిందికి దించింది. తర్వాత బొమ్మ కింద అక్షరాల మీద వేలు పెట్టి అడిగింది.

"పేరేసినాడా?"

దమయంతి పిల్లని చంకలోకి ఎత్తుకుని వంగి చూసింది. డెబ్బై ఏళ్ల కిందట ఒక మనిషి బెల్లం పొట్లం విప్పి, శెట్టిగారి కొట్టుకి పరిగెత్తి అడిగింది కూడా సరిగ్గా అదే.

"ఏసినాడత్తా," అంది దమయంతి. "ఇదిగో, ముందు అమ్మమ్మ పేరే ఉంది."